మునగచెట్టు వీసా

షంషాబాద్ విమానాశ్రయం. రాత్రి పదకొండు. డిపార్చర్ గేటు ముందు ఒక కుర్రాడు. అతని చుట్టూ నలభై మంది. మూడు ఇన్నోవాల్లో దిగారు. పెదనాన్న, బాబాయిలు, మేనమామ, మేనమామ బావమరిది, ఊరి సర్పంచి, సర్పంచికి ఫొటోలు తీసే మనిషి. కుర్రాడి మెడలో బంతిపూల దండ. వాళ్లమ్మ నేలమీద చతికిలబడి ఈ పెట్టెలోని ఆవకాయ ఆ పెట్టెలోకి, ఆ పెట్టెలోని కుక్కరు ఈ పెట్టెలోకి మారుస్తోంది. పెట్టెకు 23 కిలోలు దాటకూడదు. అప్పుకు మాత్రం అలాంటి హద్దేమీ లేదు.

పెట్టె మీద కన్సల్టెన్సీ పేరు ధగధగలాడుతోంది. వీసా వచ్చిన సంతోషంలో వాళ్లు ఉచితంగా ఇచ్చిన ట్రాలీ బ్యాగు అది. మన డబ్బుతో పెట్టె కొని, దానిమీద వాళ్ల ప్రకటన అచ్చేసి, మన పిల్లాడి చేతే అమెరికా దాకా ఊరేగిస్తున్నారు. దీన్ని ఉచితం అంటారట.

ఆ నలభై మందిలో ఎవరినైనా ఒక్క ప్రశ్న అడగండి. అటువైపు వీణ్ణి దింపుకునేదెవరు?

"ఫ్రెండ్ వస్తాడటండీ."

ఏ ఫ్రెండు?

"వాట్సాప్ గ్రూపులో పరిచయమట."

ఎక్కించడానికి నలభై మంది. దింపుకోవడానికి ఒక ఫోన్ నంబరు. తెలుగులో మునగచెట్టు ఎక్కించడం అని ఊరికే అన్నారా? మునగకొమ్మ ఎంత పెళుసో ఎక్కించేవాడికి బాగా తెలుసు. ఎక్కేవాడికే తెలియదు. ఈ వ్యాపారం మొత్తానికి ఒకటే సూత్రం: ఎక్కించగానే సొమ్ము చేతికొస్తుంది. క్షేమంగా దిగాడా లేదా అన్నదానికి ఎవడికీ పైసా రాదు. అందుకే ఎవడికీ పట్టదు.

ముందు అమీర్‌పేట వెళ్దాం. దిల్‌సుఖ్‌నగర్ అయినా సరే, విజయవాడ బెంజి సర్కిల్ అయినా సరే. బోర్డులన్నీ ఒకే పాట పాడతాయి. వంద శాతం వీసా గ్యారంటీ! వీసా ఇచ్చేది అమెరికా ప్రభుత్వం. గ్యారంటీ ఇచ్చేది జిరాక్సు షాపు మీద మూడో అంతస్తులో ఉన్న పెద్దమనిషి. ఆయన దగ్గర అన్నీ రెడీమేడ్. చదువు మీద మీకున్న తపన గురించి రెండు పేజీల వ్యాసం ఉంటుంది. మీ పేరు ఒక్కటే మార్చాలి. చిన్నప్పుడు రేడియో విప్పి మళ్లీ బిగించిన బాలుడి కథ అందులో తప్పనిసరి. ఆ కథ ప్రకారం తెలుగునాట విప్పని రేడియో ఒక్కటీ మిగల్లేదు. బ్యాంకులో డబ్బు లేదా? "ఫండ్స్ మేం చూపిస్తాం అంకుల్" అంటాడు. జీవితంలో నాలుగు లక్షలు ఒక్కచోట చూడని మనిషి ఖాతాలో వారం రోజులపాటు 40 లక్షలు కొలువుదీరతాయి. వారం తర్వాత డబ్బు వెళ్లిపోతుంది. కమీషన్ మాత్రం మన జేబులోంచే పోతుంది.

వీసా కోసం మనవాళ్లు చిలుకూరు బాలాజీ దగ్గరికీ వెళ్తారు. అక్కడ లెక్క పద్ధతిగా ఉంటుంది. ముందు 11 ప్రదక్షిణలు. కోరిక తీరాక 108. అంటే దేవుడు కూడా సరుకు ఇచ్చాకే పూర్తి మొక్కు తీసుకుంటాడు. ఆ పాటి వ్యాపార నీతి మూడో అంతస్తులో ఆశించగలమా?

ఇంకో తమాషా చూడండి. జగిత్యాల నుంచి ఒక కూలీని దుబాయ్ పంపాలంటే ఏజెంటుకు లైసెన్సు ఉండాలి. 1983 నాటి వలసల చట్టం కింద రిజిస్టర్ కావాలి. బ్యాంకు గ్యారంటీ కట్టాలి. ఆ చట్టం ఎంత సక్కగా అమలవుతోందో గల్ఫ్ నుంచి వచ్చే శవపేటికల్ని అడగండి, అది వేరే ఏడుపు. కనీసం కాగితం మీద చట్టమంటూ ఒకటుంది. 22 ఏళ్ల కుర్రాణ్ణి 40 లక్షల అప్పుతో అమెరికా పంపేవాడికి? ఒక గది, ఒక ఏసీ, గోడమీద స్వేచ్ఛా ప్రతిమ బొమ్మ. చాలు. ఏజెంట్ల మోసాలు భరించలేక పంజాబ్ 2012లోనే చట్టం చేసింది. ట్రావెల్ ఏజెంటైనా, ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ సెంటరైనా లైసెన్సు తీసుకోవాల్సిందే అంది. మన రెండు రాష్ట్రాల్లో అలాంటి చట్టం పేరు మీరెప్పుడైనా విన్నారా? అసెంబ్లీలో దానిమీద మైకులు విరగ్గొట్టుకోవడం చూశారా?

అనుభవం లేక అనుకుందామా? అదీ కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ అనే దొంగ యూనివర్సిటీ మీద ఇమిగ్రేషన్ అధికారుల దాడి జరిగింది. రికార్డుల ప్రకారం అక్కడి విద్యార్థుల్లో సగానికి పైగా ఒకే అపార్ట్‌మెంటులో కాపురం. చాలామంది తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు బిగించారు, అడవిలో పులుల మెడకు బిగించినట్టు. ఢిల్లీ ఆగ్రహించింది. హైదరాబాద్ ఆవేదన చెందింది. టీవీలు మూడు రోజులు అరిచాయి. నాలుగో రోజు అదే టీవీలో కన్సల్టెన్సీ ప్రకటన వచ్చింది. ఆ యూనివర్సిటీ పెట్టిన మహిళకు అమెరికా కోర్టు 16 ఏళ్లకు పైగా జైలు వేసింది. ఇక్కడ కూర్చుని అక్కడికి పిల్లల్ని తోలినవాళ్లకు ఎన్నేళ్లు పడిందో చెప్పగలరా? నేను ఆగుతాను. ఆలోచించుకోండి.

ఎనిమిదేళ్ల తర్వాత, 2019లో, మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. ఈసారి దొంగ యూనివర్సిటీ పెట్టింది దొంగలు కాదు, అమెరికా ప్రభుత్వమే! వలపన్ని పట్టుకోవడానికి ఇమిగ్రేషన్ అధికారులే దాన్ని నడిపారు. ప్రొఫెసర్లు లేరు. తరగతులు లేవు. వెబ్‌సైటు ఉంది, ఫీజు కట్టే ఏర్పాటు ఉంది. ప్రభుత్వ జాబితాలో దాని పేరూ ఉంది. మొదటి విడతలో పట్టుబడిన సుమారు 130 మందిలో ఒక్కరు తప్ప అందరూ భారతీయులే. దళారులని కేసు పెట్టిన ఎనిమిది మందివీ తెలుగు ఇంటిపేర్లే. ప్రభుత్వమే కొట్టు తెరిచి, సరుకు అమ్మి, కొన్నవాణ్ణి అరెస్టు చేయడం ఏ నీతి అని అక్కడి న్యాయవాదులే అడిగారు. ఆ ప్రశ్న ఆ దేశానికి వదిలేద్దాం. మన ప్రశ్న వేరు.

పాఠాలే చెప్పని కాలేజీని చూసి ఈ పిల్లలకు అనుమానం ఎందుకు రాలేదు?

ఎందుకొస్తుందండీ! నాలుగేళ్లు అలాంటి కాలేజీలోనే కదా బీటెక్ చేసింది! తనిఖీ రోజున మాత్రమే కనిపించే ప్రొఫెసర్లు. మూత తీయని ల్యాబులు. తెలంగాణలో ఇంజినీరింగ్ సీట్లు లక్ష దాటాయి. వాటిలో అధిక భాగం కంప్యూటర్ల పేరున్నవే. సివిల్, మెకానికల్ మూసేసి అదే గదికి కృత్రిమ మేధ అని బోర్డు తగిలించారు. గదిలో ఫ్యాన్ తిరగదు గానీ మేధ తిరుగుతుంది. సర్కారు రీయింబర్స్‌మెంటు బకాయి ఇవ్వదు, యాజమాన్యం లెక్చరర్‌కు జీతం ఇవ్వదు, లెక్చరర్ పాఠం చెప్పడు. ఈ గొలుసులో చివరివాడికి చేతికొచ్చేది పట్టా. దాంతో ఇక్కడ ఉద్యోగం రాదని ఇచ్చినవాళ్లకీ తెలుసు. అందుకే కాన్వొకేషన్ పక్కనే అబ్రాడ్ ఎడ్యుకేషన్ ఫెయిర్. పాడైన సరుకును తిరిగి తీసుకోకుండా ఎగుమతి చేసే ఏకైక పరిశ్రమ ఇది.

నాయకులేమంటారు? "మన తెలుగుబిడ్డలు ప్రపంచాన్ని ఏలుతున్నారు." చప్పట్లు. సత్య నాదెళ్ల పేరు తప్పకుండా వస్తుంది. ఆ ఒక్క పేరు మీద ఎన్ని లక్షల ఐ-20 అడ్మిషన్ కాగితాలు అమ్ముడుపోయాయో లెక్కేస్తే ఆయనకు రాయల్టీ ఇవ్వాలి. ఆయన చదివింది బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో. ఆ బడి గేటు లోపల ఎలా ఉంటుందో కూడా చూడని తండ్రికి ఆయన ఫొటో చూపించి ఎకరం అమ్మిస్తున్నారు. అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్లు 2010, 2017 మధ్య 86 శాతం పెరిగారని మురిసిపోయాం. తెలుగు వెలిగిపోతోందట! నాయనా, అది భాష వ్యాప్తి కాదు, బతుకుదెరువు. ఊళ్లో కాలువ ఎండితే చేపలు పక్క చెరువుకు పోతాయి. దాన్ని చేపల దిగ్విజయ యాత్ర అంటారా?

ముఖ్యమంత్రులు పెట్టుబడుల కోసం దావోస్ విమానం ఎక్కుతారు. పిల్లలు ఉద్యోగాల కోసం డల్లాస్ విమానం ఎక్కుతారు. ఎక్కడో ఆకాశంలో ఎదురుపడరా అని నా సందేహం.

పేద పిల్లల కోసం విదేశీ విద్య పథకాలున్నాయి కదా అంటారా? ఉన్నాయి. పేర్లతో సహా ఉన్నాయి. ఆంధ్రలో ఒకాయన పేరు మీద ఉండేది. ప్రభుత్వం మారింది, ఇంకొకాయన పేరొచ్చింది, టాప్ 200 యూనివర్సిటీల మెలికొచ్చింది. మధ్యలో అక్కడ సెమిస్టర్ ఫీజు కట్టాల్సినవాడికి పేరు మారిన సంగతి తెలిసింది గానీ డబ్బు వచ్చిన సంగతి తెలియలేదు. తెలంగాణ పథకం కింద వెళ్లి బకాయిల కోసం సంక్షేమ భవన్ చుట్టూ తల్లిదండ్రుల్ని తిప్పినవాళ్లూ ఉన్నారు. యూనివర్సిటీ అకౌంట్స్ కౌంటర్లో "మా ట్రెజరీలో బిల్లు పెండింగులో ఉంది మేడమ్" అని చెప్పి చూడండి. ఆమెకు ట్రెజరీ అంటే ఏమిటో వివరించేలోపు అడ్మిషన్ పోతుంది.

సరే, అప్పు చేద్దాం. 40 లక్షలు. 12 శాతం వడ్డీ. ఏడాదికి 4 లక్షల 80 వేలు. నెలకు 40 వేలు. అసలు కాదండీ, ఒట్టి వడ్డీ! చదువయ్యాక ఇన్ని నెలలు ఆగుతాం అంటాడు బ్యాంకువాడు. ఆగుతాడు. వడ్డీ ఆగదు. ఊళ్లో ఇంటి కాగితాలు ఫైనాన్స్ కంపెనీ బీరువాలో నిద్రపోతాయి. ఇంట్లోవాళ్లు మాత్రం నిద్రపోరు.

ఇక అక్కడి సంగతి. టెక్సస్‌లో డెంటన్, మిస్సోరీలో వారెన్స్‌బర్గ్. పక్క జిల్లా కలెక్టరేట్ ఎక్కడుందో తెలియని ఇళ్లలో కూడా ఈ ఊళ్ల పేర్లు తెలుసు. రెండు గదుల ఇంట్లో ఆరుగురు. హాల్లో పరుపు వేసుకున్నవాడికి అద్దె తక్కువ. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద చదువు సాగేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని. అనుమతి లేకుండా బయట చేస్తే వీసాకే ఎసరు. మరి వడ్డీ? వడ్డీ ఏ క్యాంపస్‌లోనూ తీరదు. కాబట్టి రాత్రిపూట గ్యాస్ స్టేషన్, లేకపోతే ఇండియన్ హోటల్లో గిన్నెలు. యజమాని ఎవరనుకున్నారు? మనవాడే! "మనోడివని ఇస్తున్నా తమ్ముడూ" అంటాడు. అక్కడి ఫెడరల్ చట్టం చెప్పిన కనీస కూలి గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. మనోడు కాబట్టి ఇంకా తక్కువ. అడిగితే? ఎవరికి ఫిర్యాదు చేస్తాడు పాపం, తన తప్పు తనే ఒప్పుకోవాలి కదా. కొన్నిచోట్ల ముందు ఇంటిపేరు అడిగి, తర్వాత ఊరు అడిగి, ఆ తర్వాత గిన్నెలు చూపిస్తారు. ఏడు సముద్రాలు దాటినా కులం మాత్రం విమానంలో ఉచితంగా వస్తుంది. దానికి 23 కిలోల నిబంధన లేదు.

చదువైపోయింది. ఇక ఓపీటీ, అంటే చదువు తర్వాత అక్కడ పనిచేసుకునే అనుమతి. 12 నెలలు, సాంకేతిక చదువైతే ఇంకో 24. ఆ మొదటి 12 నెలల్లో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. అక్కడ మళ్లీ ఒక కన్సల్టెన్సీ ప్రత్యక్షం! అమీర్‌పేట పెట్టెలో పెట్టుకుని పోయినట్టే ఉంటుంది. వాళ్లు రెజ్యూమె రాస్తారు. 24 ఏళ్లవాడికి 8 ఏళ్ల అనుభవం. అంటే పదహారో ఏట, ఇంటర్ మొదటి సంవత్సరంలో, రెసిడెన్షియల్ కాలేజీ స్టడీ అవర్‌లో కూర్చుని ఏదో అమెరికా బ్యాంకుకు జావా రాశాడన్నమాట! ఇంటర్వ్యూలో పెదాలు ఒకడివి, గొంతు ఇంకొకడిది. దీన్ని ప్రాక్సీ అంటారు. మన సినిమాల్లో డబ్బింగ్ అంటారు. నిజాయితీగా ఒక్క ఏడాది అనుభవం రాసుకున్నవాణ్ణి ఎవడూ పిలవడు. అబద్ధం ఆడినవాడికి ఉద్యోగం, ఆడనివాడికి 90 రోజుల గడియారం. ఈ ఎంపిక ఆ పిల్లాడి ముందు పెట్టినవాళ్లెవరూ జైలుకు పోరు. పోతే వాడే పోతాడు.

ఆపైన హెచ్-1బి ఉద్యోగ వీసా. ఏడాదికి 85 వేలు. లాటరీ. మన రాష్ట్రాల్లో యాభై రూపాయల లాటరీ టికెట్టు అమ్మితే నేరం. ఇల్లు తాకట్టు పెట్టి 40 లక్షల లాటరీ ఆడితే కెరీర్! పోనీ ఆ లాటరీ అయినా నిలకడగా ఉందా? 2025 సెప్టెంబర్‌లో ఆ దేశాధ్యక్షుడు ఒక సంతకం పెట్టాడు. బయటి నుంచి తెచ్చుకునే కొత్త హెచ్-1బికి లక్ష డాలర్లు కట్టమన్నాడు. అప్పటి లెక్కన సుమారు 88 లక్షల రూపాయలు. ఆ వారాంతం విమానాశ్రయాల్లో పరుగులే పరుగులు. పెళ్లికొచ్చినవాడు అప్పగింతలు వదిలేసి విమానమెక్కాడు.

అదే ఏడాది ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల హోదాను నమోదు చేసే సెవిస్ రికార్డులు ఉన్నట్టుండి రద్దు చేశారు. కొందరు చేసిన మహాపరాధం ఏమిటో తెలుసా? ట్రాఫిక్ టికెట్టు. కోర్టులు మొట్టికాయలు వేశాక తిరిగిచ్చారు, అది వేరే సంగతి. మన పిల్లాడి వైపు నుంచి ఒక్కసారి చూడండి. వాడు పుట్టిపెరిగిన రాష్ట్రంలో 2023 చివర్లో బైకు చలానాల మీద 80 శాతం తగ్గింపు మేళా పెట్టారు, ఆషాఢం చీరల్లాగా. నేరానికి డిస్కౌంటు ఇచ్చే ఊళ్లో పెరిగినవాడికి, చలానాతో బతుకు పోయే దేశం ఎలా అర్థమవుతుంది? ఎవరైనా ముందే చెప్పారా? ట్రాలీ బ్యాగులో ఆ కాగితం పెట్టారా?

2025 మే నెలాఖరులో కొత్త విద్యార్థి వీసా అపాయింట్‌మెంట్లు ఆపి, జూన్‌లో తెరుస్తూ సోషల్ మీడియా ఖాతాలన్నీ బహిరంగంగా పెట్టమన్నారు. ఒక్కరాత్రిలో వేలమంది తమ అభిమాన హీరో కోసం అవతలి హీరో తల్లిని తిట్టిన పోస్టులు తుడిచేసుకుని ఉంటారు. అమెరికా వీసా వల్ల తెలుగు భాషకు జరిగిన ఏకైక మేలు అదే అనుకుంటాను.

నవ్వింది చాలు.

2024 జులైలో కేంద్రం లోక్‌సభకు ఒక లెక్క చెప్పింది. అయిదేళ్లలో విదేశాల్లో చనిపోయిన భారతీయ విద్యార్థులు 633 మంది. కెనడాలో 172, అమెరికాలో 108. గుండెపోట్లు, రోడ్డు ప్రమాదాలు, జలపాతాలు, కాల్పులు. 633 మంది అంటే మూడు విమానాలు. విమానం కూలితే విచారణ కమిటీ వేస్తారు. ఒక్కొక్కరుగా పోతే ట్వీటు వేస్తారు. "తీవ్ర దిగ్భ్రాంతి." నెలనెలా దిగ్భ్రాంతి చెందేవాడికి అది భ్రాంతి ఎలా అవుతుంది, అలవాటు గానీ! శవం ఇంటికి రావాలంటే ముందు ఆన్‌లైన్లో చందాలు. చందా పేజీ పెట్టేది ఎవరు? రూమ్మేట్లు. హాల్లో పరుపు మీద పడుకునే ఆ కుర్రాళ్లే. తెలుగు సంఘాల్లోనూ కాగితాల కోసం రాత్రంతా తిరిగే కార్యకర్తలు కొందరున్నారు, వాళ్లకు దండం. వేదిక మీద హీరోలకూ ఎమ్మెల్యేలకూ శాలువాలు కప్పే పెద్దలు వేరు, వాళ్లకు ఆ శాలువాలే చాలు.

2023 జనవరిలో సియాటిల్‌లో ఒక తెలుగు విద్యార్థిని రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్దేసింది. చనిపోయింది. తర్వాత ఇంకో పోలీసు అధికారి ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడిన మాటలు అతని ఒంటిమీది కెమెరాలోనే రికార్డయ్యాయి. ఆ పిల్ల విలువ అంతంతమాత్రమేనని, ఒక చెక్కు రాసిస్తే సరిపోతుందని అర్థం. మన రక్తం మరిగింది. మరగాలి కూడా. ఆ అధికారి ఉద్యోగం ఊడింది.

కానీ విలువ అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుతారా? పెళ్లిళ్ల పేరయ్య పుస్తకంలో మన పిల్లల విలువ ఎలా రాసి ఉంటుంది? గ్రీన్‌కార్డు అయితే ఇంత. హెచ్-1బి అయితే ఇంత. ఓపీటీ అయితే "చూద్దాం లెండి". ఉద్యోగం పోతే ఫోన్ ఎత్తరు. ఆ పోలీసువాడు డాలర్లలో చెప్పాడు. మనం ఎకరాల్లో చెబుతాం. అంతేనా తేడా?

అందుకే ఉద్యోగం పోయిన కుర్రాడు ఇంటికి చెప్పడు. ఆదివారం వీడియో కాల్‌కు ముందు చొక్కా మార్చుకుంటాడు. వెనకాల గోడ కనిపించేలా కూర్చుంటాడు, పరుపు కనిపించకుండా. "ఎలా ఉన్నావు నాన్నా?" అంటుంది తల్లి. "సూపర్ అమ్మా." అవతల ఫోన్ వెనకనుంచి బాబాయి గొంతు: "కారు కొన్నావురా?"

ఒకరోజు ఆ కుర్రాడు తిరిగొస్తాడు. అదే షంషాబాద్. ఈసారి అరైవల్ గేటు. ఇన్నోవాలు లేవు, సర్పంచి లేడు. ఎవరికీ చెప్పకుండా వచ్చాడు. పుష్పక్ బస్సెక్కి నేరుగా అమీర్‌పేటలో హాస్టల్‌కు పోయాడు. ఊరికి ఎలా వెళ్తాడు? బస్టాండు దగ్గర, వీసా వచ్చినప్పుడు కట్టిన అభినందన ఫ్లెక్సీ ఇంకా వేలాడుతోంది. వెలిసిపోయింది గానీ, పేరు కనిపిస్తూనే ఉంది. ఇక్కడ కంపెనీలు తిప్పి పంపాయి. ఆ గ్యాప్ ఏమిటన్నారు. వడ్డీ మాత్రం ఏ గ్యాపూ లేకుండా నడుస్తోంది. చివరికి ఒక ఉద్యోగం దొరికింది. జిరాక్సు షాపు మీద, మూడో అంతస్తు. యూఎస్ రిటర్న్‌డ్ సీనియర్ కౌన్సిలర్.

ఎదురుగా ఒక తండ్రి కూర్చున్నాడు, పక్కనే బీటెక్ ఫైనలియర్ కొడుకు. చేతిలో పాస్‌బుక్కు.

"మీరెక్కడ చదివారు బాబూ?"

"అమెరికాలో అంకుల్."

"మరి అక్కడే ఉండకుండా..."

"మనవాళ్లకు గైడెన్స్ ఇద్దామని వచ్చేశాను అంకుల్."

తండ్రి కళ్లలో గౌరవం కదిలింది. కొడుకు ఏదో అడగబోయాడు. కౌన్సిలర్ వాడి కళ్లలోకి చూడలేక కిందికి వంగాడు. బల్ల కిందినుంచి కొత్త ట్రాలీ బ్యాగు బయటికి లాగాడు.

"ఏ రంగు కావాలి తమ్ముడూ?"